తుపాకీ మీద మోజుపడి రాగి కాసుల్లో తేలాను

మా తాతగారికో డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేదండి. లైసెన్సుదే. ఆయన దాన్ని పేల్చగా నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసి అది గుమ్మం దాటింది ఎన్నికలప్పుడే. ప్రకటన రాగానే దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని స్టేషనుకి తీసుకెళ్ళి అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవారు. లెక్కింపు అయిపోయాక ఆ రసీదు పట్టుకెళ్ళి మళ్ళీ తెచ్చుకునేవారు. ఆయన పోయాక ఆ తిరుగుడు మావల్ల కాదని మా నాన్నగారు సరెండర్ చేసేశారు. నాకు మాత్రం ఆ మడమ చెక్కకి పట్టించిన నూనె వాసన ముక్కులోనే ఉండిపోయింది.

తపాలా శాఖలో 34 ఏళ్ళు చేసి, నరసాపురం దగ్గర ఓ సబ్ పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. చేతిలో ఫోనూ, బోలెడన్ని మధ్యాహ్నాలూ మిగిలాయి. ఇంగ్లండులో చిన్నచిన్న ఊళ్ళలోని వేలం దుకాణాలు కూడా ఇప్పుడు ఇంటర్నెట్టులో మనల్ని పాట పాడనిస్తున్నాయి. అలా చూస్తుంటే ఒకరోజు ఈస్టిండియా కంపెనీ ముద్రున్న చెకుముకి పిస్తోలు కనబడింది. అంచనా 300 పౌండ్లు. కింద చిన్నక్షరాల్లో 'లైసెన్సు అవసరం లేదు' అని ఉంది. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు.

మీకూ అలాంటి రాత్రి వస్తే, కార్డు బయటికి తీసే ముందు నేను తెలుసుకున్నది వినండి.

లైసెన్సు అక్కర్లేదన్నది వాళ్ళ దేశం మాట. ఇంగ్లండులో 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం, 58వ సెక్షను కింద, పాతకాలపు తుపాకీని ముచ్చటకో అలంకారానికో దాచుకునేవాళ్ళని వదిలేస్తుంది. అమెరికాలో అదే ఏడాది వచ్చిన గన్ కంట్రోల్ చట్టం 1898లోగా తయారైన తుపాకీని పురాతన వస్తువుగా చూస్తుంది. అమ్మేవాడు తన చట్టం చెబుతాడు. పార్సిలు దిగేది మన దగ్గర. మనకున్నది 1959 ఆయుధాల చట్టం. అందులో 10వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధం దేశంలోకి తేకూడదు. పాతదైనంత మాత్రాన వదిలెయ్యదు.

45వ సెక్షనులో ఓ సందు ఉంది, దాన్ని చూపించి ధైర్యం చెప్పేవాళ్ళు నాకూ తగిలారు. కాలం చెల్లిన నమూనాదో, పురాతన విలువ ఉన్నదో అయి, బాగుచేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికిరానిదైతే చట్టం వర్తించదు. ఆ 'బాగుచేసినా' దగ్గర ఆగండి. చెకుముకి పిస్తోలుకి కావలసిందేంటి? ఓ రాతిముక్క, కాస్త మందు, ఓ గుండు. గొట్టం చిల్లు పడకపోతే రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా పేలుతుంది. పేలదని మీరు నిరూపించుకోవాల్సింది పార్సిలు కస్టమ్స్ బల్ల మీద ఉన్నప్పుడు. లైసెన్సు లేని దిగుమతికి జైలుశిక్ష ఉంది, 2019 సవరణతో ఈ చట్టంలో శిక్షలు ఇంకా పెరిగాయి. పేరున్న షూటర్లకి వేరే దారి ఉంది, మనం ఆ లెక్కలోకి రాం.

పోనీ మొత్తం పిస్తోలు వద్దు, దాని గుర్రం మీటా, గొట్టమా, గుళ్ళు పోసే అచ్చా కొనుక్కుంటానంటారా? చట్టం ఆయుధం అంటే దాని విడిభాగాలూ కలుస్తాయి, మందుగుండు అంటే దాన్ని తయారుచేసే సాధనాలూ కలుస్తాయి. గుళ్ళ అచ్చు చూడ్డానికి అప్పాలు చేసుకునే అచ్చులా అమాయకంగా ఉంటుంది. నేనైతే ముట్టుకోలేదు.

అలా ముక్కు నలుపుకుంటూ అదే జాబితాని కిందికి జరుపుతుంటే, పిస్తోలుకి ఓ నలభై లాట్ల (విడివిడిగా పాటకి పెట్టే సరుకుని లాటు అంటారు) తర్వాత రాగి నాణేలు కనబడ్డాయి. '1808, మద్రాసు ప్రెసిడెన్సీ, అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ నుంచి' అని రాసుంది. ఆ ఓడ సంగతి చదివాక పిస్తోలు గుర్తురాలేదు.

కథేంటంటే, మద్రాసు ప్రెసిడెన్సీలో చలామణీ కోసం కంపెనీ వాళ్ళు బర్మింగ్‌హామ్‌లో బోల్టన్ గారి సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద రాగి కాసులు కొట్టించారు. మన గోదావరి జిల్లాలు అప్పటికి ఆ ప్రెసిడెన్సీలోవే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలెట్టడానికి ఇంకా దాదాపు నలభై ఏళ్ళుంది. ఆ కాసులు టన్నుల లెక్కన ఎక్కించుకుని మద్రాసుకి బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం కూడా దాటకుండా, గుడ్విన్ ఇసుకతిన్నెల మీద తుఫానుకి చిక్కి మునిగిపోయింది. 1980ల్లో ఈతగాళ్ళు పైకి తీశారు. ఆ కాసులే ఇప్పుడు ప్రపంచమంతా వేలంపాటల్లో తిరుగుతున్నాయి. మన సంతల్లో ఉప్పూ చేపా కొనాల్సిన డబ్బు, బయల్దేరిన ఒడ్డు దగ్గరే పడి ఉండిపోయింది. రెండు వందల ఏళ్ళు ఆలస్యమైనా ఒకటైనా ఊరు చేర్చాలనిపించింది. పోస్టుమాస్టర్ని కదండీ, బట్వాడా కాని సరుకు చూస్తే ఊరుకోలేను.

ఇక ఎలా కొనాలో చెబుతాను.

అంతర్వేది రేవులో చేపల పాటా, దేవస్థానం భూముల కౌలు పాటా చూసినవాళ్ళకి పాట కొత్త కాదు. కానీ అక్కడ ఎంతకి పాడితే అంతే కడతాం. వీళ్ళ దగ్గర సుత్తి దెబ్బ ధర, అంటే పాట ఆగిన ధర, లెక్కకి మొదలు మాత్రమే. దాని మీద కొన్నవాడి ప్రీమియం (వేలం దుకాణం మన దగ్గర తీసుకునే కమీషను), ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్, పాట నడిపించిన వెబ్‌సైటు రుసుము, దాని మీద మళ్ళీ వ్యాట్, ఆ తర్వాత పోస్టేజి. నా మొదటి కాసు లెక్క నోటుబుక్కులో ఇప్పటికీ ఉంది. సుత్తి ధర 24 పౌండ్లు. ప్రీమియం పాతిక శాతం, 6. దాని మీద వ్యాట్ 1.20. వెబ్‌సైటుకి 5 శాతం, 1.20. దాని వ్యాట్ 0.24. పోస్టేజి 14. మొత్తం 46.64. ఇరవై నాలుగుకి కొన్నానని మా ఆవిడతో చెప్పాను, బ్యాంకు మెసేజి మాత్రం ఆవిడ ఫోనుకే వచ్చింది.

అందుకే ముందు మీరు మొత్తం ఎంత పెట్టగలరో అనుకుని, పోస్టేజీ తీసేసి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులకే పాట ఆపండి. ప్రీమియం శాతం ఒక్కో దుకాణానిది ఒక్కో రకం, నిబంధనల పేజీలో ఉంటుంది. విదేశాలకి పంపుతారా, ఎంత తీసుకుంటారు అన్నది పాటకి ముందే మెయిలు పెట్టి అడగాలి. చాలా దుకాణాలు సొంతంగా ప్యాక్ చెయ్యవు, బయటి ప్యాకింగ్ వాళ్ళకి అప్పజెబుతాయి. అప్పుడు 20 పౌండ్ల నాణేనికి 60 పౌండ్ల రవాణా చెబుతారు. 'మామూలు తపాలాలో ట్రాకింగుతో పంపుతారా?' అని ఒక్క ముక్క అడిగితే చాలా చోట్ల ఒప్పుకున్నారు. జవాబివ్వని దుకాణంలో పాడొద్దు.

పరిస్థితి రిపోర్టు కూడా అప్పుడే అడగండి. నాణేనికి రెండువైపులా ఫొటో, అంచు ఫొటో, గ్రాముల్లో బరువు. ఆ ఓడ నాణేల్లో 20 కాసుల విలువదాని బరువు 9.33 గ్రాములు, అడ్డంగా 31 మిల్లీమీటర్లు. 10 కాసుల విలువది దాంట్లో సగం, 4.66 గ్రాములు. సముద్రంలో నానిందానికి కాస్త తగ్గుతుంది. అయినా 20 కాసులదాన్ని 7 గ్రాములని చెబితే నేను వదిలేస్తాను.

పాట సమయం మనకి అనుకూలమే. వాళ్ళకి పొద్దున పదంటే మనకి వేసవిలో రెండున్నర, చలికాలంలో మూడున్నర. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం వాళ్ళు గడియారాలు మారుస్తారు, అది మర్చిపోయి ఒకసారి గంట ముందే కూర్చున్నాను. గంటకి వందో నూట ఇరవయ్యో లాట్లు లాగించేస్తారు కాబట్టి మీ లాటు ఎప్పుడొస్తుందో లెక్కేసుకోవచ్చు. నేను మాత్రం ఎదురుగా కూర్చుని పాడను. గరిష్ఠ ధర ముందే పెట్టేసి పడుకుంటాను. దీనికో కారణముంది. ఓసారి వర్షాల్లో పాట మధ్యలో కరెంటు పోయింది, ఫోను సిగ్నలూ పోయింది. నా వేలు అప్పటికే నొక్కిందో లేదో నాకే తెలియలేదు. సిగ్నలు వచ్చాక మళ్ళీ నొక్కాను. అది నా మీద నేనే పాడుకున్న పాట కాదు, ఆ తర్వాతి లాటు. బిస్కట్ల డబ్బా నిండా ఐరోపా చిల్లర. 3 కిలోలు. ఆ డబ్బా ఇంకా అక్కడే ఎవరిదో అటకమీద ఉండాలి. తెప్పించుకునే ఖర్చు దాని ఖరీదుకి అయిదు రెట్లు కాబట్టి, డబ్బు కట్టేసి ఏదైనా ధర్మ దుకాణానికి ఇచ్చెయ్యమన్నాను. పాడింది పాడినట్టే, కట్టాల్సిందే.

డబ్బు కట్టడానికి మీ కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు తెరిచి ఉండాలి. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం అది మనం తెరుచుకుంటేనే తెరుచుకుంటుంది. బ్యాంకు యాప్‌లో స్విచ్చి ఉంటుంది. కట్టగానే మళ్ళీ మూసెయ్యండి. చెల్లించే పేజీ 'రూపాయల్లో కడతారా, పౌండ్లలోనా' అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలంటే ముద్దొస్తుంది కానీ వాడి సొంత మారకం రేటు మనకి తగిలిస్తాడు. మీ బ్యాంకు ఎలాగూ కొంత శాతం వేసి దాని మీద జీఎస్టీ కూడా కలుపుతుంది.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటుకి వచ్చాం, పార్సిలు. ఇక్కడ నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే సరుకు చిక్కుకునేది ఇక్కడే.

పార్సిలు మీద కస్టమ్స్ చీటీ ఉంటుంది. చిన్న విలువదైతే సీఎన్ 22, పెద్దదైతే సీఎన్ 23. అందులో రాసిన రెండు మూడు మాటల మీదే అవతల అధికారి మీ పార్సిలుని చూసే చూపు ఆధారపడుతుంది. నా రెండో పార్సిలు విషయంలో జరిగిందిదీ: నేను కొన్నవి ఆరు రాగి కాసులు. కానీ ఆ వేలానికి వాళ్ళు పెట్టిన పేరు 'ఆయుధాలు, సైనిక సామగ్రి, నాణేలు'. ప్యాక్ చేసిన మనిషి ఇన్వాయిసు పైనున్న ఆ శీర్షికలో మొదటి రెండు మాటలూ చీటీ మీదికి ఎక్కించేశాడు. ఆరు కాసుల పొట్లం మీద 'ఆయుధాలు, సైనిక సామగ్రి' అని! పార్సిలు విప్పారు, ఉత్తరం వచ్చింది, వివరణ రాశాను, ఇన్వాయిసు పంపాను, ఫొటోలు పంపాను. రెండు నెలలు. తుపాకీ కొనకుండానే తుపాకీ కష్టం పడ్డాను. అప్పట్నుంచి డబ్బు కట్టిన రోజే దుకాణానికి మెయిలు పెడతాను: చీటీ మీద 'పాత రాగి నాణేలు, సేకరణ కోసం, 1808' అని రాయండి, హెచ్ఎస్ కోడ్ 9705 వెయ్యండి, అసలు ధర వెయ్యండి, ఇన్వాయిసు కాపీ ఒకటి లోపల, ఒకటి బయట ప్లాస్టిక్ జేబులో పెట్టండి. హెచ్ఎస్ కోడ్ అంటే కస్టమ్స్ వాళ్ళ సరుకుల వర్గీకరణ నంబరు, నాణేల లాంటి సేకరణ వస్తువుల శీర్షిక 9705.

అసలు ధర అన్నాను చూశారా, అది గట్టిగా చెబుతున్నాను. 'గిఫ్ట్ అని రాసి 5 పౌండ్లు వేస్తే సుంకం తప్పుతుంది' అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. 5,000 రూపాయల్లోపు కానుకలకి ఉన్న మినహాయింపు 2019 డిసెంబరులోనే తీసేశారు. పైగా పార్సిలు పోతే మీకొచ్చే పరిహారం ఆ 5 పౌండ్లే.

ట్రాకింగు నంబరు రెండు అక్షరాలతో మొదలై, తొమ్మిది అంకెలు నడిచి, రెండు అక్షరాల దేశం పేరుతో ఆగుతుంది. మొదటి అక్షరం ఆర్ అయితే రిజిస్టరు, సీ అయితే పార్సిలు, ఈ అయితే స్పీడుపోస్టు రకం. యూ అని ఉంటే ట్రాకింగు లేదనే అనుకోండి. చివర జీబీ ఉంటే బ్రిటన్ తపాలా. ఆ నంబరునే మన ఇండియా పోస్టు సైటులో కూడా కొట్టి చూడొచ్చు. మద్రాసో బొంబాయో ఫారిన్ పోస్టులో దిగాక కొన్నాళ్ళు కదలదు. రోజూ కొట్టి చూసుకుని బీపీ పెంచుకోవద్దు. ప్రైవేటు కొరియరైతే ఆధారో పానో అడుగుతారు, వాళ్ళ మెసేజి వచ్చిన రోజే ఇచ్చెయ్యాలి, లేకపోతే గోదాము అద్దె మొదలవుతుంది.

అడ్రసు సంగతి. 'రామాలయం ఎదురుగా, పాత సినిమా హాలు సందు' వాళ్ళ ఫారంలో పట్టదు, సగానికి తెగిపోతుంది. తలుపు నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడు, ఫోను నంబరు. ఫోను నంబరు అడ్రసు రెండో వరసలోనే ఇరికించండి. పోస్టుమ్యాన్‌కి రామాలయం తెలుసు లెండి.

సుంకం లెక్క ఇలా ఉంటుంది. వస్తువు ధరకి రవాణా కలిపిన మొత్తం మీద బేసిక్ సుంకం. ఆ సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి. అన్నీ కలిపినదాని మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. లెక్క పట్టుబడ్డానికి, మొత్తం 5,000 రూపాయలు, బేసిక్ 20 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. వెయ్యి, దాని మీద వంద, మొత్తం 6,100 అయింది. దాని మీద 18 శాతం 1,098. అంటే కట్టాల్సింది 2,198. ఇవి నేను అనుకున్న రేట్లు, అసలు రేట్లు బడ్జెట్టుకీ బడ్జెట్టుకీ మారతాయి కాబట్టి పాడే ముందు ఆ ఏడాదివి చూసుకోండి. సొంతానికి తెప్పించుకునే సరుకు మీద ఒకప్పుడు బేసిక్ 35, ఐజీఎస్టీ 28 ఉండేది, అన్నీ కలిపి 77.28 శాతం పడేది. ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. తపాలాలో వస్తే సుంకం పోస్టుమ్యాన్ గుమ్మం దగ్గరే వసూలు చేసుకుని రసీదు ఇస్తాడు. ఆ రసీదునీ, ఇన్వాయిసునీ నాణెంతో పాటే దాచండి. బంగారం, వెండి నాణేల జోలికి ఈ దారిలో వెళ్ళొద్దు, వాటికి వేరే ఆంక్షలున్నాయి. 1807 ప్రాంతాల మద్రాసులో కొట్టిన చిన్న వెండి నాణెం మీద తెలుగులో 'రెండు రూకలు' అని ఉంటుంది. అది చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. నాది ఇక్కడే, నాణేల ప్రదర్శనలో బిల్లుతో కొన్నాను.

ఇంకో సంగతి. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం బయటికి పంపడం మామూలు మనిషికి కుదరదు. అంటే, నచ్చలేదని నాణేన్ని ఇంగ్లండుకి తిప్పి పంపేద్దామంటే దారి మూసుకుపోయినట్టే. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి 'నాకో రెండు పంపు నాన్నా' అన్నాడు. నువ్వే అక్కడ కొనుక్కోరా అన్నాను. అందుకే సందేహాలన్నీ పాటకి ముందే తీర్చుకోవాలి. వచ్చింది మనదే.

మా పాలకొల్లులో బియ్యం వ్యాపారం చేసే మిత్రుడొకాయనకి డచ్చి నాణేల పిచ్చి. వాళ్ళూళ్ళో వలందా వాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, సమాధులున్నాయి కాబట్టి ఆ పిచ్చికో అర్థం ఉంది. వీఓసీ (డచ్చి ఈస్టిండియా కంపెనీ) అక్షరాలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని, కింద సంవత్సరం ఉండే డ్యూట్లనే రాగి నాణేలు హాలెండు వేలాల్లో చవగ్గానే దొరుకుతాయి. 1726 నుంచి ఆ శతాబ్దం చివరిదాకా కొట్టినవి. రెండో వైపు హాలండ్, జీలండ్, ఉట్రెక్ట్ లాంటి రాష్ట్రాల డాలు గుర్తులుంటాయి. బరువు 3 గ్రాములకి అటూఇటూ. ఇద్దరం ఒకే దుకాణంలో పాడినప్పుడు ఒకే పార్సిల్లో వేయించుకుంటే పోస్టేజి సగమే.

ఒక్క రకం దగ్గర మాత్రం పరిగెత్తండి. ఈస్టిండియా కంపెనీ పేరుతో 1616, 1717, 1818 అని వేసి, వెనక హనుమంతుడో, రామ పట్టాభిషేకమో, లక్ష్మీదేవో ఉండే నాణేలు కంపెనీ ఎప్పుడూ కొట్టలేదు. విదేశీ సైట్లలో కూడా 'అరుదైన గుడి నాణెం' అని అమ్ముతున్నారు. బియ్యాన్ని లాగుతుందని మన వైపు రైస్ పుల్లింగ్ ముఠాలు లక్షలు గుంజేది ఇలాంటివాటితోనే. నా అసలు కాసు పక్కన బియ్యం పోసి మా మనవరాలు పరీక్ష చేసింది. కాకి వచ్చి బియ్యం లాక్కుపోయింది.

పార్సిలు వచ్చాక కత్తెర పెట్టే ముందే ఫోన్లో వీడియో మొదలెట్టండి, సీళ్ళు కనబడాలి. లోపల తక్కువుంటే దుకాణం వాడు నమ్మేది అదే. తర్వాత తూకం. నేను మా వీధి చివర కంసాలి గారి దగ్గరికి పట్టుకెళ్తాను, ఆయన తూకంలో పాయింటు తర్వాత రెండంకెలు పలుకుతాయి. అయస్కాంతం దగ్గరపెడితే రాగి కదలకూడదు.

మొదటి కాసుని అరచేతిలో పెట్టుకున్నప్పటి సంగతి చెప్పనివ్వండి. అటూ ఇటూ రెండు సింహాలు జెండాలు పట్టుకుని నిలబడ్డాయి, మధ్యలో డాలు, కింద 1808. సింహాల మొహాలు ఇసుక కొరికి నున్నబడ్డాయి, తోకలు మాత్రం గీసినట్టున్నాయి. తిప్పితే పారసీ అక్షరాలు, 'ఇరవై కాసులు నాలుగు ఫలూసులు' అని అర్థం. దాని కింద రోమన్ అంకె, ఇంగ్లీషులో 'క్యాష్' అన్న మాట. ఆ క్యాష్ మన దక్షిణాది కాసే, వాళ్ళ నోట్లో పడి అలా అయింది. అంచు దగ్గర ముదురు చాక్లెట్టు రంగు, గుంటల్లో చిలుం.

ఆ చిలుం చూసి నేను చేసిన తెలివితక్కువ పని మీరు చెయ్యకండి. రాగి చెంబు తోమినట్టు చింతపండూ ఉప్పూ పెట్టి తోమాను. ఐదు నిమిషాల్లో గులాబీరంగులోకి వచ్చి తళతళలాడింది, రెండు వందల ఏళ్ళ పొర మురిక్కాలవలో కలిసిపోయింది. కంసాలి గారు చూసి 'ఏవండీ, కొత్తది చేయించారా?' అన్నారు. దాని విలువ అక్కడితో పోయింది. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి, ఏవీ వద్దు. వట్టి మెత్తటి బట్టతో దుమ్ము దులపండి, అంతే. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ జేబుల్లో పెడితే అవే పచ్చటి జిగురు కక్కుతాయి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో గానీ అట్ట చట్రంలో గానీ పెట్టండి. మనది ఉప్పు గాలి, ఆషాఢం నుంచి కార్తీకం దాకా బీరువాలో బట్టలే బూజు పడతాయి. డబ్బీల పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటి రంగు మారగానే ఎండబెట్టి మళ్ళీ వేస్తుంటాను. ఎండకి ఎండబెట్టేది పొట్లాలనండోయ్, కాసుల్ని కాదు.